మూడు దెబ్బలకు జవాబు

పాత సున్నపు గోడకు సిమెంటు రంగు పడదు. కొట్టిన రోజు కళకళలాడుతుంది, రెండు వానలు పడితే పొక్కులు లేచి ఊడి చేతికొస్తుంది. దొరల కాలంలో కట్టిన గోడలకు సున్నమే కొట్టాలి. అదీ గోడ చెమ్మగా ఉన్నప్పుడే కొట్టాలి, ఎండలో కొడితే పొడిగా రాలిపోతుంది. ఈ సంగతి తెలిసిన రంగులవాళ్లు మా కోలారు గనుల్లో ఇద్దరే ఉన్నారని మా బావ మునివెంకటప్ప అందరికీ చెప్పుకొనేవాడు. ఆ ఇద్దరిలో మొదటివాడు ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ఆ డిసెంబరులో, ఊరిగాంలో ఒక పాత చర్చి గోపురం పనికి మేము మంచు విడవకముందే వెళ్లేవాళ్లం. సర్కారు గనులు తీసుకుని అప్పటికి పదిహేడేళ్లు. క్రిస్మస్‌కు వారం ఉంది. చర్చి ఊడ్చే ఎస్తరమ్మ రోజూ మెడ ఎత్తి గోపురాన్ని చూసి, "పండగలోపల తెల్లగా అయిపోతుందా అప్పా?" అని అడిగేది. బావ రోజూ ఒకటే చెప్పేవాడు, "నీ కాఫీ వేడిగా ఉంటే అయిపోతుందమ్మా."

మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. గోపురం నలభై అడుగులు. పైన కప్పు మీద, తాడు చుట్టే డ్రమ్మూ తిప్పే పిడీ ఉన్న ఒక చేతి వించి బిగించాం, గనుల పాతఇనుములో కొన్నది. దాని తాడు కప్పీ మీదుగా దిగుతుంది, కొసన కూర్చునే పలక వేలాడుతుంది. బావ పలక మీద కూర్చుని సున్నం కొడతాడు. నేను పైన పిడి తిప్పుతూ కొంచెం కొంచెంగా దించుతాను. పలక నేలకు తగిలేసరికి కప్పు అంచు దాటేలా తాడుకు గుర్తుగా ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. మంచులో ఒకరికొకరం కనిపించం గనుక పలక నుంచి ఒక పురికొస పైకి తెచ్చి, నా పక్కన వేలాడే ఖాళీ డబ్బాకు కట్టాం. డబ్బాలో రెండు బోల్టులు. బావ లాగితే అది మోగుతుంది. ఒక దెబ్బ అంటే ఆపు. రెండు అంటే దించు. నాలుగు అంటే పైకి లాగు. నేను స్పానరుతో అన్నే దెబ్బలు తిరిగి కొట్టాకే పిడి ముట్టాలి.

ఇది మేము కనిపెట్టింది కాదు. గనిలోకి నిలువుగా దిగే షాఫ్టు పైన, మనుషుల్ని దించి ఎక్కించే బోను దగ్గర గంట కొట్టేవాడి చట్టం. నేను పన్నెండేళ్లు ఆ పని చేశాను. అక్కడ ఇంకొక గుర్తు ఉండేది, మూడు. మూడు దెబ్బలంటే కింద మనిషి బోను ఎక్కాలంటున్నాడు. పైవాడు తిరిగి మూడు కొడితే బోను వస్తోంది, ఎక్కమని అర్థం. జవాబిచ్చినవాడిదే ఆ మనిషి పూచీ, వాడు పైకొచ్చి దిగేదాకా. రంగుల పనిలో మూడుతో మాకు అవసరం లేదు, ఎప్పుడూ వాడలేదు.

ఆ ఉద్యోగం ఎందుకు వదిలేశానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు కింద లోతులో బండ పేలి సొరంగం కూలింది. వచ్చినవాళ్లు వచ్చారు, తొమ్మిదిమంది రాలేదు. అటువైపు ఇంక ప్రాణంతో ఎవరూ లేరని తేల్చేశారు. ఆ తర్వాత నా గంట మోగింది. మూడు. నేను జవాబివ్వడానికి చెయ్యెత్తితే పక్కనున్న పైఅధికారి మణికట్టు పట్టుకున్నాడు. తీగ తెగి మోగుతోందన్నాడు, బోను దించితే అదీ ఇరుక్కుంటుందన్నాడు. సాయంత్రందాకా ఆగి ఆగి మూడేసి దెబ్బలు వస్తూనే ఉన్నాయి. ఆఖరిసారి రెండే మోగి ఆగిపోయింది. నేను చెయ్యి విదిలించుకోలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతకంటే వేరే కారణం లేదు, ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను తింటూనే ఉంది.

మా అక్క తాయమ్మకు ఇదేమీ తెలియదు. మొగుణ్ణి పలక మీదికి పంపే ప్రతి పొద్దూ నాతో ఒక మాట అనేది. "తాడు నీ చేతిలో ఉండాదనే నేను నిమ్మళంగా ఉండాను ఓబలప్పా. ఇంగొకరి చేతికి ఇయ్యొద్దు."

ఆ రోజు మంచు మామూలుగా లేదు. బంగారం తీశాక పోసిన సైనైడు మట్టిగుట్టల మీంచి వచ్చే పులిసిన వాసన దాంట్లో కలిసి గొంతులో పట్టుకుంది. కప్పు అంచునుంచి చూస్తే రెండు మూరల తాడు కనపడేది, ఆపైన అంతా తెలుపే. కిందినుంచి బావ కూనిరాగం వినపడుతోంది. ఆయన పాటకు ఊరకుక్కలు కూడా లేచి వెళ్లిపోతాయి. కుంచె గోడ మీద సర్రు సర్రుమంటోంది. డబ్బా రెండు మోగింది, నేను రెండు కొట్టి మూరెడు దించాను. ఒకటి మోగింది, ఆపాను. మళ్లీ రెండు, మళ్లీ ఒకటి. పలక సగం దూరం దిగి ఉంటుంది.

పాట ఆగింది.

కుంచె చప్పుడు కూడా ఆగింది. బీడీ ముట్టించుకుంటున్నాడేమో అనుకున్నాను.

డబ్బా మోగింది. మూడు.

బావ పొరపాటున లాగాడనుకున్నాను. కానీ పురికొస కదల్లేదు... దాని మీద వరసగా పట్టిన మంచుబొట్లు ఒక్కటీ రాలలేదు. డబ్బా మాత్రం ఊగుతోంది. మళ్లీ మూడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఎడం నాకు తెలుసు. ఆనాడు గని లోతునుంచి సాయంత్రందాకా కొట్టిన ఆ చేతిని నేను గుర్తుపట్టాను.

చెయ్యి దానంతటదే లేచిందని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. కావాలనే కొట్టాను. ఈసారి నా మణికట్టు పట్టుకునేవాడు లేడు. స్పానరు తీసుకుని మూడు దెబ్బలూ గట్టిగా కొట్టాను.

కొట్టాక గుర్తొచ్చింది. మూడుకు జవాబిస్తే బోను కిందికి వెళ్లాలి, వాణ్ణి తీసుకురావడానికి.

పలక మీద మా బావ ఉన్నాడు.

పిడి నా రెండో చేతిలోంచి జారింది. వించి తిరగడం మొదలుపెట్టింది... మెల్లగా కాదు, షాఫ్టులో బోను దిగినట్టు. పట్టుకోబోతే పిడి నా మోచేతిని కొట్టి పడేసింది.

"ఓబలప్పా! యాడికి దించుతావురా? ఆపు!"

ఒక దెబ్బ కొట్టాను. ఇంకోసారి ఒకటి. ఆగలేదు. ఎర్రగుడ్డ డ్రమ్ము మీదినుంచి లేచి, కప్పీ దాటి, అంచు దాటి మంచులోకి పోయింది. అంటే పలక నేలకు తగిలి ఉండాలి.

తాడు బిగువుగానే ఉంది. దిగుతూనే ఉంది.

డ్రమ్ము మీద నాలుగు చుట్లు మిగిలాయి. ఎంత తిరిగినా నాలుగే. బావ గొంతు నా పేరు పిలుస్తూ కిందికి... ఇంకా కిందికి... బావిలోంచి వచ్చినట్టు, తర్వాత అది కూడా లేదు. నేను కప్పు మీద మోకాళ్ల మీద పడి అక్క పేరు చెప్పుకుని ఏడ్చాను. తాడు ఇంకొకరి చేతికి ఇవ్వొద్దని కదా అన్నది. ఇచ్చేశాను.

వించి ఆగింది.

తాడు ఒక్కసారి కిర్రుమని సాగింది. ఎవరో ఎక్కినట్టు.

డబ్బా నాలుగు మోగింది. నేను నాలుగు కొట్టి పిడి మీద పడ్డాను. బావ బరువు నా చేతులకు తెలుసు, ఇది దానికి రెండింతలుంది. అరచేతులు చీరుకుపోయాయి. ఎంతసేపు తిప్పానో తెలియదు. ఎర్రగుడ్డ తిరిగి పైకొచ్చింది, చల్లని పొద్దులో అది వేడిగా ఆవిరి కక్కుతోంది. దాంతోపాటే వాసన వచ్చింది... తడిబండ, పేల్చిన మందు, చెమట. అది గని లోపలి వాసన, చర్చి కప్పు మీద రాకూడదు.

పలక కప్పు అంచుకు వచ్చింది. బావ ఒక కొసన ముడుచుకుని కూర్చున్నాడు, కళ్లు గట్టిగా మూసుకుని. రెండో కొస ఖాళీ. అయినా పలక ఏ పక్కకూ వాలలేదు.

"ఓబలప్పా..." గుసగుసగా అన్నాడు. "నా పక్కన చూడొద్దు. ముందు వాణ్ణి దిగనియ్యి."

ఖాళీ కొస ఒక్కసారి పైకి లేచింది. నా చెంపకు వేడిగాలి తగిలి పక్కనుంచి వెళ్లింది. బావ జారిపోతుంటే చంకల కింద చేతులేసి కప్పు మీదికి లాగాను.

"నీకేం కాలేదు కదా బావా?"

"తొమ్మిదిమంది ఉండారురా. చీకట్లో వరసగా నిలబడుకోనుండారు. పలక మీద ఒకనికే చోటుండాది అంటే ఒకడు ఎక్కినాడు." ఆయన పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "గంట కొట్టేవాడు మారినాడా అని అడిగినారు."

"నువ్వేమన్నావు?"

"లేదు, మా ఓబలప్పే అంటిని."

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని మెట్లు దిగాం. కింద ఎస్తరమ్మ కాఫీ చెంబు పట్టుకుని గోడ మొదట్లో వంగి చూస్తోంది. బావ కుంచె వదల్లేదు కాబోలు, దిగినంత మేరా గోడ మీద తెల్లటి చార పడింది. పైనుంచి సూటిగా వచ్చి నేలలోకి పోయింది.

"సున్నం మట్టిలోపలకి కూడా కొట్టినారా అప్పా?" అందామె.

నేను గోడ వారన మట్టి తవ్వాను. జానెడు. మూరెడు. చార ఉంది, సున్నం ఇంకా తడిగా ఉంది. ఇంక తవ్వలేక చెయ్యి తీసేశాను.

అప్పుడు పైన డబ్బా మోగింది. మూడు.

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "జవాబియ్యొద్దు" అన్నాడు. నేను ఎలా ఇస్తాను? నేను కింద ఉన్నాను. స్పానరు పైన ఉంది.

కొంచెంసేపటికి కప్పు మీదినుంచి మూడు దెబ్బలూ తిరిగి వినపడ్డాయి. గట్టిగా, నేను గుర్తుపట్టిన ఆ చేతి ఎడం తప్పకుండా.

ఎస్తరమ్మను కూడా లాక్కుని గేటు దాకా పరుగెత్తాం. అక్కడ నిలబడి విన్నాం. మంచులో ఏమీ కనపడలేదు, వించి తిరుగుతున్న చప్పుడు ఒక్కటే. నలభై అడుగులు దిగడానికి ఎంతసేపు పడుతుందో నాకు బాగా తెలుసు. అంతసేపూ అయింది, దానికి పదింతలూ అయింది. వించి తిరుగుతూనే ఉంది... పలక నేలకు తగిలిన చప్పుడు మాత్రం రాలేదు.