దిక్కులేని పెట్టె

మధ్యాహ్నం వలపెట్టె వేడెక్కకుండా చల్లబరిచే గాలిరెక్క ఆగిపోయింది. పడవలు తమంతట తామే వేటకు పోయే రోజులవి. చుక్కాని పట్టడం పేటలో ఎవరికీ రాదు. మనుషులు వల లాగడానికే ఎక్కుతారు. ఒడ్డునున్న ఆ పెట్టె ఒక్కో పడవనీ గుర్తుపెట్టుకుని దారి చెబుతుంది. కంపెనీ ఇచ్చిన స్మృతిపలకలో పెద్ద పడవలకే చోటు. చిన్న తెప్పలు ఏమైతే వాళ్ళకేం? అందుకే పెట్టెను చూసుకునే దానయ్య బయటి పలక తెచ్చి తొడిగాడు.

పరాయి పలక కనబడితే కంపెనీ మరమ్మతు హక్కును కొట్టేస్తుంది. ఆ హక్కుకి కాగితాల్లో ఏ పేరుందో గాని, పేటలో 'దిక్కు' అంటారు. మరమ్మతు మనిషి వస్తున్నాడంటే పాత పలక పెట్టేసి, అతను పోయాక మార్చుకోవడం అలవాటు. దాన్ని పెట్టెకి మొహం కడగడం అంటారు.

ఈసారి దానయ్య కడగలేదు. మరమ్మతు మనిషి జోగారావు కొత్త రెక్కతో వచ్చాడు గాని, అతని పనిముట్ల సంచి పరాయి పలకను పసిగట్టి తాళం వేసుకుంది. ఆ తాళం తీయడం అతని చేతిలో లేదు. చెడ్డవాడు కాదు, టీ తాగొస్తానని, ఈలోగా మొహం కడిగేయమని మెల్లగా చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ అదే అన్నారు.

"పలక తీత్తే మా గుంట తెప్పని ఇది మర్సిపోద్ది," అన్నాడు దానయ్య, వేటకెళ్ళిన కూతురు పోలమ్మని తలుచుకుని. "అది ఓడల దారిలో ఉంది. నానొగ్గను."

"దిక్కు పోద్ది మావా," అన్నారు గుంపులో ఎవరో.

"పోనీ. దిక్కు సూపించేదానికి దిక్కు ఆళ్ళేటి?"

కంపెనీ సాయం రద్దయిందని పెట్టె ప్రకటించింది. దానయ్య వదిన ఎల్లమ్మ పెట్టె మూత ఊడదీసి, చేపల మీద ఈగలు తోలే విసనకర్రతో విసరసాగింది. కట్టుకున్నోడికి కూడా ఇంత విసరలేదని గొణిగింది. అనుమతి లేని గాలి వీస్తున్నదని పెట్టె మాటిమాటికీ హెచ్చరించింది. ఆడవాళ్ళు నవ్వి చేతులు మార్చుకున్నారు. జోగారావు కాసేపు చూసి, సంచిని పక్కకు తన్ని, తానూ విసరడానికి చేట అందుకున్నాడు. ఉద్యోగం పోతుందని దానయ్య వారించినా వినలేదు.

పొద్దు వాలేసరికి పోలమ్మ తెప్ప అలలు దాటి ఒడ్డెక్కింది. దానయ్య కూతురి తల తడిమి చూసుకున్నాడు.

ఇకపై మరమ్మతు బాధ్యత ఎవరిదో పేరు చెప్పమంది పెట్టె. దానయ్య చెప్పాడు. వెనకాలే ఎల్లమ్మ, పోలమ్మ, మిగతా వాళ్ళంతా చెప్పారు. ఒక్క పేరే చెప్పమని పెట్టె బతిమాలింది. ఎవరూ ఆగలేదు. జోగారావు కంపెనీ చొక్కా విప్పి భుజాన వేసుకుని, వరసలో నిలబడ్డాడు.