నేలకు రాసుకునే తలుపు

“మా తలుపు గొంతు నొక్కేశారు” అంది ఆమె, పట్నం నుంచి తెచ్చిన బ్యాగు ఇంకా భుజాన ఉండగానే.

ఆ పాత ఎస్టేట్ బంగళాను బాగుచేస్తున్న ఆర్కిటెక్టును నేను. ఆమె ఆ ఇంటి మనవరాలు. గదిగదికీ తిప్పి దాని కథ చెప్పింది ఆమే. సున్నపు గోడల చల్లదనం, తరాల చేతులు తగిలి నునుపెక్కిన మేడమెట్ల కమ్మీ, కిటికీ రంగుటద్దాల్లోంచి ఆమె భుజం మీద పడే ఎర్రటి వెలుగు. నాకు నచ్చింది ఇల్లో మనిషో విడదీసి చూసుకోవడం చేతకాలేదు.

అందుకే ఆమె ఊళ్ళో లేనప్పుడు, నేలకు రాసుకుంటున్న వీధి తలుపుకు అడుగున చిత్రిక పట్టించాను. ఇప్పుడు వేలితో తోస్తే చాలు. మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆమె నేల చూపించింది. తలుపు ఒరుసుకుని ఒరుసుకుని రాతిబండలో విల్లులా పడిన గాడి. చూపు పోయిన అమ్మమ్మ మెట్ల పక్క కుర్చీలో కూర్చుని, ఆ చప్పుడును బట్టే వచ్చిందెవరో చెప్పేదట. తలుపు తోయడంలో ఒక్కొక్కరిది ఒక్కో తీరట. ఇప్పుడు ఎవరు పలకరించినా ఉలిక్కిపడుతున్నానని ఫోన్లో చెప్పుకుందట. తలుపు మళ్ళీ పలక్కపోతే పని ఇంకొకరికి అప్పగిస్తానంది.

ఆ గాడిని కూడా పూడ్పిద్దామనుకున్న సంగతి నేను చెప్పలేదు. మచ్చ లేకుండా చేయాలన్న నా తాపత్రయంలో ఇంటి మీద గౌరవం ఎంతో, ఆమె ముందు గొప్ప అనిపించుకోవాలన్న ఆశ ఎంతో తూచుకుంటూ ఆ సాయంత్రం గడిపాను.

మర్నాడు వడ్రంగి తలుపు అడుగున టేకు పట్టీ బిగించాడు. మేమిద్దరం చెరోవైపు మోకాళ్ళ మీద కూర్చుని, ఇంకాస్త గీకమంటూ అతన్ని విసిగించాం. తీర్పు మాత్రం అమ్మమ్మది. ఆవిడ పెదవి విరుస్తూనే ఉంది. చివరికి నన్ను బయటికెళ్ళి రమ్మంది.

వాన మొదలైంది. గుమ్మం బయట కాసేపు ఆగి, తోశాను. తలుపు గరగరమంటూ సగం తెరుచుకుంది.

“ఇదీ మా తలుపు” అంది అమ్మమ్మ. “వచ్చింది ఆ భయస్థుడు. అమ్మాయి ఊళ్ళో లేకపోతే ఒక్క తోపుకే వచ్చేస్తాడు. ఉంటే ఇలా సగంలో ఆగుతాడు. ఈ పిల్లేమో ఆ సగం చప్పుడుకే మేడ దిగి వస్తుంది.”

ఆమె తల దించుకుని గాడిలోని పొట్టు ఊడుస్తూ ఉండిపోయింది. తర్వాత నన్నే సూటిగా చూసింది.

“తడుస్తున్నారు. లోపలికి వచ్చేట్టయితే పూర్తిగా తోయండి.”

తలుపు గాడి చివరిదాకా రాసుకుంటూ వెళ్ళింది. మేడ మీది గదులకు కూడా వినపడి ఉంటుంది.

“ఇప్పుడొచ్చాడు మా ఇంటివాడు” అంది అమ్మమ్మ.