టీ తాగుతూ చెప్పే విప్లవం

విప్లవం పేరు చెప్పి ఆడదానిచేత టీ పెట్టించుకునే మగమహారాజుల్లారా, ఆ గ్లాసులు ఎవరు కడుగుతారో ముందు చెప్పండి!

సౌదీలోని దమ్మామ్‌లో ఆ శనివారం పొద్దున యిర్మీయా సోఫాలో కాలు మీద కాలేసుకుని అలాంటి ఉపన్యాసమే దంచుతున్నాడు. వింటున్నది పక్క ఫ్లాట్ భూషణం. నైట్ డ్యూటీ నుంచి వచ్చిన సుందరి బూట్లైనా విప్పకుండా స్టవ్ దగ్గర నిలబడింది. ఆమె నర్సు. మొగుడు యిర్మీయా ఆ దేశంలో ఉండటానికి కావలసిన ఇకామా పర్మిట్ కూడా ఆమె ఉద్యోగం మీదే నడుస్తోంది.

రాత్రి వార్డులో షాలిని అనే కొత్త పిల్ల వరసగా రెండు షిఫ్టులు చేసి కళ్ళు తిరిగి పడిపోయింది. పడిపోవడమే నేరమట, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇండియా పంపేస్తారట. నర్సులంతా కలిసి ఈ పూటే డైరెక్టర్ని నిలదీద్దామనుకున్నారు. ఆ మాట చెప్పగానే గుమ్మంలోనే యిర్మీయా అరిచాడు: "ఇప్పుడు టైం కాదే! కాస్త ఆగు. నీ ఉద్యోగం పోతే నా గతేంటి?"

ఇప్పుడేమో అదే నోటితో, "రష్యాలో మిల్లు ఆడాళ్ళు భూషణం! రొట్టె కోసం చలిలో క్యూలు కట్టి కట్టి విసిగి, పని ఆపేసి రోడ్డెక్కారు. మంచుముద్దలు కిటికీలకేసి కొట్టి పక్క ఫ్యాక్టరీ మగాళ్ళని బయటికి లాగారు. వారం తిరిగేసరికి జార్ చక్రవర్తి గద్దె దిగాడు! అదీ ఆడదంటే!" అంటున్నాడు.

"అబ్బో! చెల్లెమ్మా, టీలో పంచదార కాస్త ఎక్కువెయ్యి," అన్నాడు భూషణం.

సుందరి గ్లాసులు తెచ్చింది గాని చేతికివ్వలేదు. "రోడ్డెక్కబోయే ముందు ఆ ఆడాళ్ళకి మగ నాయకులు ఏం చెప్పారండీ?"

"ఏం చెప్తారు? సమ్మె వద్దు, ఇప్పుడు టైం కాదు, కాస్త ఆగం..." యిర్మీయా నాలిక కరుచుకున్నాడు.

భూషణం కిసుక్కుమన్నాడు. "బావా, ఇందాక మా గోడ ఇవతలికి వినబడింది ఈ మాటేగా!"

"పుస్తకంలో ఆడది రోడ్డెక్కితే మీకు ఒళ్ళు పులకరిస్తుంది. ఇంట్లో ఆడది గడప దాటతానంటే ఇకామా గుర్తొస్తుంది. ఛీ! ఆ పిల్ల పడిపోతే తల నా ఒళ్ళో పెట్టుకున్నానండీ..." సుందరి గ్లాసులు బల్ల మీద పెట్టేసింది.

యిర్మీయా తల దించుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "భయమేసిందే సుందరీ."

"నాకు మాత్రం వెయ్యలేదా? ఆ మిల్లు ఆడాళ్ళకి వెయ్యలేదా?" ఆమె కొంగుతో కాదు, యూనిఫాం చేతితో కళ్ళు తుడుచుకుంది. "లేవండి. కారు తియ్యండి. షాలినీ, మిగతా పిల్లలూ కింద నిలబడున్నారు. అందర్నీ డైరెక్టర్ గుమ్మం దాకా తీసుకెళ్ళండి. భూషణం అన్నయ్యా, మీరా గ్లాసులు కడగండి!"