వినికిడి పెట్టెలో మిగిలిన స్విచ్చు

సాయంత్రం ఆరు కావస్తోంది. మధ్యాహ్నం పట్టిన వాన ఇంకా వదల్లేదు.

ముందుగదిలో కూర్చుని ఆమె పనిబల్ల తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది. ఆ బల్ల దగ్గర పనిచేసేది తల్లీకూతుళ్ళిద్దరే. జనం తమ కీబోర్డులు తెచ్చిస్తే వీళ్ళు విప్పుతారు. ఒక్కో మీట కిందా ఉండే చిన్న స్విచ్చును పట్టకారుతో పైకి లాగి, లోపలి స్ప్రింగుకు సన్నటి కుంచెతో నూనె రాసి, మళ్ళీ బిగిస్తారు. నొక్కితే వేలికి హాయిగా ఉండాలి, చెవికి ఇంపుగా ఉండాలి. దానికోసం ప్రాణం పెట్టే మనుషులు ఇంతమంది ఉన్నారని కూతురు చెప్పేదాకా ఆమెకూ తెలియదు.

"మా రోజుల్లో టైపు మోత భరించలేక చెవుల్లో దూది కుక్కుకునేవాళ్ళం. మీరేమో చెవులు రిక్కించి మరీ వింటున్నారు," అని ఇంటాయన వెక్కిరిస్తుంటాడు.

రిక్కించడం నిజమే. కూతురు ఈమధ్య ఒక కొత్త వస్తువు తయారుచేసింది. దానికి వినికిడి పెట్టె అని పేరు పెట్టుకుంది. అరచేతంత చెక్క పెట్టె, లోపలంతా మెత్తటి స్పాంజి. నడిమధ్య ఒక్క స్విచ్చు పడుతుంది. కరెంటు ఇస్తే సన్నటి ఇనుప చెయ్యి ఒకటి ఆ స్విచ్చును నొక్కుతూ వదులుతూ ఉంటుంది. పెట్టె పక్కనుంచి డాక్టర్లు వాడే గొట్టం బయటికి వస్తుంది. దాన్ని చెవుల్లో పెట్టుకుంటే స్విచ్చు ఎక్కడ గీరుకుంటోందో, ఎక్కడ జారుతోందో గుండె చప్పుడులా తెలిసిపోతుంది.

ఈవేళ కీబోర్డు పిచ్చివాళ్ళందరూ ఒకచోట చేరే సభ. కూతురు తను కూర్చిన కీబోర్డు పట్టుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కారులో వెళ్ళింది.

ఆ కీబోర్డే తల్లి గొంతులో ముల్లులా అడ్డం పడింది.

పోయిన వారం డ్రైవరుగారు వచ్చారు. బస్సులు నడిపి నడిపి నడుం వంగిపోయిన మనిషి. చంకలో తువ్వాలు చుట్టిన పాత కీబోర్డు. భార్యది. ఆవిడ డిపోలో ఏ బస్సు వెళ్ళిందో, ఏది తిరిగొచ్చిందో కంప్యూటర్లో ఎక్కించేది. పోయి ఏడాదైంది.

"దుమ్ము దులిపితే చాలమ్మా. స్విచ్చులు మాత్రం మార్చకండి. దాని వేళ్ళు ఎరిగినవి అవి," అన్నారు.

"అయ్యో, ముట్టుకోం తాతగారూ," అని కూతురు మాటిచ్చింది.

కూతురు బయటికెళ్ళాక తల్లి ఆ కీబోర్డులో అన్నిటికంటే పెద్ద మీట కింది స్విచ్చును ఊడదీసి పెట్టెలో పెట్టి విన్నది. ఊరికే, చూద్దామని. ఏళ్ళ తరబడి ఒకే చెయ్యి నొక్కి నొక్కి నునుపుదేలిన స్విచ్చు. వెన్నలో వేలు దిగినట్టు దిగింది. ఎంత కుంచె పట్టినా, ఎంత నూనె రాసినా అలాంటి చప్పుడు రాదు. పోయిన సభలో ఎవడో కూతురి కీబోర్డు విని, "రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టుంది," అన్నాడట. పిల్ల ఇంటికొచ్చి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు గుర్తొచ్చింది తల్లికి.

ముసలాయనకు సరిగా వినబడనే వినబడదు, ఏం తెలుస్తుందిలే అనుకుంది.

పాత స్విచ్చులు కూతురి కీబోర్డులోకి వెళ్ళాయి. కొత్తవి ఆయన కీబోర్డులోకి వెళ్ళాయి. "పాత సామాన్లలో ఏరి, నేనే నునుపు పెట్టానే," అని కూతురితో అబద్ధమాడింది. పిల్ల మెడ పట్టుకుని వేలాడి ముద్దుపెట్టింది. మొదట విన్న ఆ ఒక్క స్విచ్చు మాత్రం పెట్టెలోనే ఉండిపోయింది.

తలుపు చప్పుడైంది. డ్రైవరుగారు. గొడుగు బయటే వదిలి లోపలికొచ్చారు.

ఆమె కీబోర్డు ముందుకు జరిపింది. తలెత్తలేదు. ఆయన పెద్ద మీట మీద వేలు పెట్టి ఒకసారి నొక్కారు. ఆగారు. ఇంకోసారి నొక్కారు.

"ఏదో కొత్తగా ఉందమ్మా."

"నూనె రాశాం కదండీ..." అంది.

"అంతే అయ్యుంటుంది. నా చెవులకీ వయసొచ్చింది. వాటి మాట నమ్మకూడదు," అని ఆయనే నవ్వారు. "మీరు మాటిచ్చాక ఇంకేముంది!"

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

ఆయన తువ్వాలు చుడుతూ వాన వైపు చూశారు. "ఇలాంటి వానొస్తే అది కుర్చీలోంచి లేచేది కాదమ్మా. ఒక్కో బస్సూ లోపలికి రావడం, ఈ పెద్ద మీట నొక్కడం. నొక్కి, ఉంగరంతో బల్ల అంచు మీద రెండుసార్లు కొట్టేది. టిక్ టిక్. ఆ బస్సువాడు క్షేమం అని. ఆఖరివాడు వచ్చేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు."

"ఆవిడ పోయింది కూడా..." అంది ఆమె.

"వానలోనే. ఆ రోజు ఆఖరి బస్సు నాది. వంతెన దగ్గర నీళ్ళలో ఇరుక్కుపోయాను. నేను వెళ్ళేసరికి కుర్చీలోనే ఉంది. మీట మీద వేలుంది. నొక్కలేదు." ఆయన గుమ్మం బయటి గొడుగు అందుకున్నారు. "నన్ను లెక్కలో వెయ్యలేదు చూడండి. అందుకే ఒక్కోసారి నేను నిజంగా తిరిగొచ్చానా, ఇంకా ఆ నీళ్ళలోనే ఉన్నానా అని నాకే అనుమానం."

అది హాస్యమేనని చెప్పడానికన్నట్టు మళ్ళీ నవ్వి, వెళ్ళిపోయారు.

పిలవాలి. ఇప్పుడే పిలవాలి. తాతగారూ ఆగండి, నేను తప్పు చేశాను అనాలి. ఆమె గుమ్మందాకా వెళ్ళింది. నోరు తెరిచింది కూడా. గొడుగు వానలో కలిసిపోయింది.

అప్పుడే కరెంటు పోయింది.

చీకట్లో తడి మట్టి వాసన, యంత్రాల నూనె వాసన కలిసి ముక్కుకు తగిలాయి. ఆమె బల్ల పట్టుకుని నిలబడింది. పైకప్పు మీద వాన ఒకటే మోత. ఆ మోత కింద, చాలా దగ్గరగా...

టక్.

పెట్టెలోంచే. కరెంటు లేదు. మోటారు తిరగడం లేదు. బయట మెరిసింది. ఇనుప చెయ్యి స్విచ్చుకు అందనంత పైన ఆగి ఉంది.

ఆ వెంటనే బల్ల అంచు మీద, ఆమె చేతికి జానెడు దూరంలో... టిక్ టిక్.

లోహం చప్పుడు. ఆమె చేతికి ఉంగరం లేదు.

గేటు కిర్రుమంది. ఇంటాయన తడిసి ముద్దై వచ్చాడు. "చీకట్లో ఏం చేస్తున్నావే, దెయ్యంలా? కొవ్వొత్తి ఎక్కడ?" అంటూ చెప్పులు విడిచి వంటింట్లోకి పోయాడు.

ఆమె కదల్లేదు.

టక్.

టిక్ టిక్.

తలుపు తోసుకుని చిన్నవాడు లోపలికొచ్చి పడ్డాడు. "బాబోయ్, మోకాలు లోతు నీళ్ళమ్మా!"

"అక్క ఏదిరా?"

"కారు ముందుకు కదల్లేదు. సందు చివర ఆపింది. నువ్వు పద, కీబోర్డు తడవకుండా చుట్టి తెస్తానంది." వాడు బూట్లు విదిలించి, తల తుడుచుకోవడానికి లోపలికెళ్ళాడు.

ఆమె వీధిలోకి చూసింది. చీకటి. నీళ్ళ హోరు. "అమ్మలూ!" అని కేక పెట్టింది. వాన ఆ కేకను మింగేసింది.

మూడో టక్ కోసం చెవులు పెట్టుకుంది.

రాలేదు.

గొట్టం తీసి చెవుల్లో పెట్టుకుంది. మొదట ఏమీ లేదు. తర్వాత... ఊపిరి. నిదానమైన, అలసిపోయిన ఊపిరి. చాలాసేపు కుర్చీలో కూర్చుని దారి చూస్తున్న మనిషి ఊపిరి.

ఆమె పెట్టె మీదికి వంగింది.

"తప్పయిపోయింది తల్లీ," అని గుసగుసగా అంది. "నీ సొమ్ము నీకు తిరిగి పెట్టేస్తాను. ఆయన కాళ్ళు పట్టుకుంటాను. మా పిల్లని... మా పిల్లని లెక్కలో వెయ్యి."

ఊపిరి ఆగింది. విన్నట్టు.

"ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావ్?"

కూతురు. వెనకాలే నిలబడి ఉంది. తలుపు చప్పుడు కాలేదు. కీబోర్డు గుండెలకు హత్తుకుని ఉంది. మెరుపులో మొహం తెల్లగా, సంతోషంగా ఉంది.

"వచ్చావా... వచ్చావటే?" తల్లి చెయ్యి చాచి పట్టుకుంది. కూతురి చెయ్యి చల్లగా ఉంది. వానలో వచ్చింది మరి, చల్లగా ఉండదూ!

"అందరూ మనదే మెచ్చుకున్నారమ్మా. మళ్ళీ మళ్ళీ కొట్టించుకుని విన్నారు. ఎవరి చేతి పనితనం ఇది అని అడిగారు." పిల్ల గొంతు నిండా గర్వం. "మా అమ్మది అన్నాను."

తల్లి తల వాలిపోయింది. ఇంతకంటే నేల చీలి మింగేస్తే బాగుండేది. "అమ్మలూ, అవి నావి కావే. ఆ తాతగారివి. నేను..."

"తెలుసమ్మా," అంది కూతురు, మెల్లగా.

ఎలా తెలుసు అని అడగడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

ఇంటాయన కొవ్వొత్తితో వచ్చాడు. వెలుగు గదంతా పాకి, గుమ్మందాకా వెళ్ళింది. చిన్నవాడు తువ్వాలు భుజాన వేసుకుని, "అక్కా, ఎప్పుడొచ్చావే? చప్పుడే కాలేదు!" అన్నాడు. కూతురు నవ్వింది. అందరూ ఉన్నారు. అందరూ కళ్ళముందే ఉన్నారు.

తల్లి గొట్టం మాత్రం చెవుల్లోంచి తియ్యలేదు.

గుమ్మం దగ్గర నీళ్ళు కారుతూ ఇంటాయన చెప్పులున్నాయి. చిన్నవాడి బూట్లున్నాయి. వాటి పక్కన, కూతురి చెప్పులుండాల్సిన చోట, గచ్చు పొడిగా ఉంది.

ఆయన వచ్చాడు. చిన్నవాడు వచ్చాడు. ఆమె పెదవులు కదుపుతూ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఆయన వచ్చాడు. చిన్నవాడు వచ్చాడు...

గొట్టంలో ఆవిడ ఊపిరి బిగబట్టి కూర్చునే ఉంది. ఇంకా లేవలేదు.