ఏ ఊరి పూలు?

"ఆ గొడుగు బయట! నీళ్లు కారుతున్నాయి!"

తిబోతో వేర్లే అన్న మొదటి మాట అది. బెల్జియంలోని బ్రూజ్ ఊరి గ్రంథాలయంలో పాత పుస్తకాలు బాగుచేసే అమ్మాయి ఆమె. బల్ల మీదున్న ప్రార్థనల పుస్తకం అయిదున్నర శతాబ్దాల నాటిది. తోలు పేజీల అంచుల్లో బంగారు పూత, రంగురంగుల పూలు. త్వరలో ప్రదర్శన. పక్కన పెట్టే చీటీ మీద ఏ ఊరి పేరు రాయాలో తేల్చడానికి ఫ్రాన్స్‌లోని రువాన్ నుంచి వచ్చాడు పరిశోధకుడు తిబో.

గొడుగు బయట పెట్టొచ్చి, "ఇది మా ఊరిదేనండి" అన్నాడు.

"కూర్చోకుండానే తేల్చేశారా?"

"మొదటి పేజీల్లోని పండగల పట్టికలో మా ఊరి పునీతుడు రొమాను పేరు బంగారంతో రాసుంది. మీవాళ్లెందుకు రాస్తారు?"

"కొనేవాళ్లు అడిగితే మీ తాతగారి పేరూ రాసేవాళ్లు! ఈ పూలు చూడండి, పేజీ మీద రాలినట్టు, నీడలతో సహా. ఇది మావాళ్ల చెయ్యి."

మూడు రోజులు అదే గొడవ. మధ్యాహ్నం వేయించిన బంగాళాదుంపలు పంచుకుంటూ కూడా అదే. ఆఖరి ముక్క ఆమెకే వదిలేవాడు, వాదన మాత్రం వదిలేవాడు కాదు.

నాలుగో రోజు వేర్లే పుస్తకం అట్ట విప్పి, దారం కోసం పక్క గదికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి తిబో ముఖం పాలిపోయి ఉంది.

"పట్టిక ఉన్న పేజీల తోలు వేరు. కుట్టు రంధ్రాలు కూడా కలవడం లేదు. తర్వాతెప్పుడో తెచ్చి కలిపారు. నాలుగేళ్లుగా నేను రాసిందంతా ఈ పట్టిక ఆధారంగానే..."

"నేను చూసేదాకా ఊరుకోవచ్చుగా?"

"ఎలా ఊరుకుంటాను? ముందు మీకే చెప్పాలనిపించింది."

గెలిచినందుకు గంతులేయాల్సిన వేర్లే కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. నెమ్మదిగా అంది.

"నేనూ ఒకటి దాచాను. ఈ పూలు వేసేవాళ్లలో కొందరు మా ఊరు వదిలి వెళ్లిపోయారు. మీ ఊళ్లో కూర్చునే వేసి ఉండొచ్చు."

ఇద్దరూ ఒక్కసారి నవ్వేశారు. చీటీ మీద ఆమె రాసింది: 'చేసిన ఊరు తెలియదు.'

"అయితే నా పని అయిపోయింది. రేపు పొద్దున్నే రైలు" అన్నాడు తిబో.

కిటికీ మీద వాన గట్టిగా కొడుతోంది. వేర్లే దారం ఉండను అటూ ఇటూ దొర్లించింది.

"ఆదివారం మా అమ్మ ఆల్చిప్పల కూర వండుతుంది. నేను రోజూ తిట్టే మనిషిని ఒకసారి చూపించమంది."

"రోజూనా?"

"రోజుకు మూడు నాలుగు సార్లు."

"వేర్లే, నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"అది ఆదివారం దాకా ఆగి చెప్తావేమోనని భయపడ్డాను" అంది, చెవులదాకా ఎర్రబడి.

ఆదివారం ఆమె తల్లి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. పొగలు కక్కే గిన్నె అతని ముందుకు జరిపింది.

"నీకు నష్టమైనా నిజమే చెప్పావట. మా పిల్ల చెప్పింది. అది చాలు బాబూ. కడుపు నిండా తిను, రైళ్లదేముంది, రోజూ ఉంటాయి."