గోడ మీద పదో ఫోటో

ప్రొద్దుటూరులో క్రీడా గౌరవ మందిరం ప్రారంభానికి ఇంకా ఎనిమిది రోజులున్నాయనగా, హాసిని తలుపు నెట్టుకుని లోపలికి వచ్చింది. గోడ మీద వరుసగా ఉన్న పది ఫోటోలనూ ఒక్కొక్కటే చూసి, నిచ్చెన మీదున్న ఫణీంద్ర వైపు తిరిగింది.

"పదిమందిలో ఒక్క ఆడమనిషి గూడా లేదేంది సార్? మన పక్క ఆడోళ్లెవరూ ఆడల్యా?"

ఫణీంద్ర ఆ మందిరం కమిటీకి కార్యదర్శి. ఊళ్లో బట్టల కొట్టున్న అతని తాత బాలసుబ్రహ్మణ్యమే ఈ హాలు కట్టించాడు. రాష్ట్రానికి ఆడినట్టు ఆధారం ఉంటేనే ఫోటో పెడతామని ఫణీంద్ర నిచ్చెన దిగి ఓపిగ్గా చెప్పాడు.

ఆమె కూడా అంతే ఓపిగ్గా చెప్పింది. తను పులివెందుల స్కూల్లో పీఈటీ. వాళ్లమ్మ గోవిందమ్మది లింగాల. ముప్పై ఎనిమిదేళ్ల కిందట రాష్ట్ర కబడ్డీ జట్టులో ఆడింది. సర్టిఫికెట్లన్నీ పాత మిద్దె కూలినప్పుడు వానకు నానిపోయాయి.

"కాగితం లేకుంటే ఎట్లా మేడం?"

"మా అమ్మ మోకాలి మీద జానెడు మచ్చ ఉంది. వచ్చి చూసుకో. మీ కాగితాల కంటే అదే గట్టిది."

ఫణీంద్రకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. విసురుగా వెళ్లిపోయింది.

పది నిమిషాల తర్వాత అతను బస్టాండులో పులివెందుల బస్సు పక్కన రొప్పుతూ నిలబడి, తప్పయిందని కిటికీలోంచి బతిమాలుతున్నాడు. ఆమె సంచి సర్దుకుంటూ కూర్చుంది. డ్రైవరు హారన్ కొట్టాక మాత్రం చెప్పింది: అమ్మతో కలిసి ఆడిన ఖదీజా జమ్మలమడుగులో ఉందట, ఆమె దగ్గర జట్టు ఫోటో ఉండొచ్చట, ఆదివారం వెతకడానికి పోతుందట.

తనూ వస్తానన్నాడు ఫణీంద్ర. కార్యదర్శిగా కళ్లారా చూడాలి కదా అని కారణం కూడా చెప్పాడు. ఆ కారణం విని ఆమె మొహం అటు తిప్పుకుంది, నవ్వు కనబడకుండా.

ఆదివారం ఇద్దరూ జమ్మలమడుగులో కలుసుకునేసరికి వాన. ఉన్నది ఒకటే గొడుగు, అదీ హాసినిది. చెరో భుజమూ తడుపుకుంటూ, వీధి వీధీ అడుగుతూ ఖదీజా ఇల్లు పట్టుకున్నారు.

గోవిందమ్మ కూతురినని హాసిని చెప్పగానే ఆ పెద్దావిడ ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత బీరువాలో చీరల అడుగు నుంచి ఒక ఫోటో తీసింది. పన్నెండుమంది అమ్మాయిలు. మధ్యలో కప్పు పట్టుకుని గోవిందమ్మ, పక్కనే ఖదీజా. కింద రాష్ట్రం పేరు, సంవత్సరం, అందరి పేర్లూ అచ్చయి ఉన్నాయి.

"మీ అమ్మ కూతకు పోతే అవతల ఏడుమందీ వెనక్కి జరుగుతాండిరి" అంది ఖదీజా.

హాసిని ఏడుస్తూ నవ్వింది. ఫణీంద్ర ఫోటో చూడడం మరిచిపోయి ఆమెనే చూస్తుండిపోయాడు.

ఇక మిగిలింది చోటు. గోడ మీద పదే ఫోటోలకు స్థలముంది, పదోది తాతది. ఆయన ఏ ఆటా ఆడలేదు. హాలు కట్టించాడని కమిటీ గౌరవంగా పెట్టింది. ఆ సాయంత్రమే ఫణీంద్ర తాత కొట్టుకు వెళ్లి, ఆ తల్లీకూతుళ్ల సంగతంతా చెప్పి, నీ ఫోటో తీసేస్తాను తాతా అన్నాడు.

బాలసుబ్రహ్మణ్యం బట్ట మడవడం ఆపాడు. "పెట్టిన నాడే ఈ మాట చెప్పింటే బాగుండు. నేనేం ఆడినాన్రా?" అని, మనవడి తడిసిన చొక్కా వైపు చూశాడు. "ఇంత ఆత్రం ఆ తల్లి కోసమా, బిడ్డ కోసమా?"

"ఇద్దరి కోసం తాతా."

ప్రారంభం రోజు హాలు కిక్కిరిసిపోయింది. పులివెందుల నుంచి హాసిని స్కూలు ఆడపిల్లలు బస్సు నిండా వచ్చారు. గుమ్మం దగ్గర గోవిందమ్మ, ఖదీజా ఎదురుపడ్డారు. ఇన్నేళ్ల తర్వాత ఒకరి చేతులొకరు పట్టుకుని లోపలికి నడిచారు. పదో ఫ్రేములోని జట్టు ఫోటోలో ఇద్దరూ ఉన్నారు. ఫణీంద్ర ఆ పేర్లు మైకులో చదివాడు. పిల్లల ఈలలతో హాలు మోగిపోయింది.

జనం టిఫిన్ల వైపు కదిలాక అతను హాసిని దగ్గరకు వెళ్లాడు.

"ఇంక నీతో మాట్లాడేదానికి నాకు సాకు లేదు. సాకు లేకుండానే రోజూ మాట్లాడాలనుంది. నువ్వంటే నాకు శానా ఇష్టం హాసినీ."

"ఎప్పుడు చెప్తావా అని ఆదివారం నుంచి చూస్తాండా."

అప్పటికే బాలసుబ్రహ్మణ్యం గోవిందమ్మ పక్కన కూర్చుని మనవడి సంగతి చెబుతున్నాడు. మీ కులం వేరు, మా కులం వేరు, కాదన్నా తప్పు పట్టనని కూడా చెప్పాడు. గోవిందమ్మ కూతుర్ని పిలిచి, ఇష్టమేనా అని ఒక్క మాట అడిగింది. హాసిని తలూపింది.

"మా ఇండ్లల్లో ఇంతవరకూ ఇట్లాంటిది జరగల్యా" అంది గోవిందమ్మ పెద్దాయనతో. "అడ్డమొచ్చేవాళ్లు శానామంది ఉంటారు. రానీప్పా. నేను మాట్లాడుకుంటా. మీరు మాత్రం వచ్చే ఆదివారం అందరూ లింగాలకు భోజనానికి రాండి."

హాసిని వెనకే వచ్చిన ఫణీంద్రకు కాళ్లు నేల మీద ఆనలేదు. వంగి గోవిందమ్మ పాదాలకు దండం పెట్టాడు. లేచేసరికి, అంతమంది చూస్తుండగానే, హాసిని అతని చేయి పట్టుకుంది.