వియ్యాలవారి పొగ

రాజమహేంద్రవరంలో ఆ వేసవికి యాభై ఒక్క డిగ్రీలు మామూలైపోయాయి. పెళ్లిళ్లు మాత్రం ఆగలేదు. ముహూర్తం కుదిరితే మనవాళ్లకి ఎండా వానా కనబడవు. కోటగుమ్మం సెంటర్లో నాలుగంతస్తుల ఎత్తున నిలబెట్టిన గాజుపలక కింద డాక్టర్ వకుళ మీటరు చూసుకుంటోంది. చూసిన కొద్దీ ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

పదకొండేళ్లు కష్టపడి చేసిన యంత్రం అది. కార్బన్ డయాక్సైడ్ కంటికి కనబడదు, దానితో వచ్చిన చిక్కంతా అదే. సూర్యుడి వెలుగును హాయిగా లోపలికి రానిస్తుంది. నేల వేడెక్కి తిరిగి వదిలే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను మాత్రం పట్టుకుని, కొంత మళ్లీ మన నెత్తినే వేస్తుంది. మండువేసవిలో కంబళి కప్పుకున్నట్టన్న మాట. బొగ్గూ డీజిలూ తగలేసి ఆ కంబళిని మందం చేసింది మనమే. వకుళ కెమెరా ఆ కిరణాలు ఎక్కడ ఆగిపోతున్నాయో పసిగట్టి, అక్కడి గ్యాసును పలక మీద బురద రంగులో చూపిస్తుంది. ఎవరి దగ్గర్నుంచి ఎంత లేస్తోందో ఊరంతా చూడొచ్చు. చూస్తే సిగ్గుపడతారని, సిగ్గుపడితే తగ్గిస్తారని ఆమె నమ్మకం. నెలలో తగ్గకపోతే ప్రాజెక్టు మూసేస్తామని పైవాళ్లు ముందే చెప్పారు.

మొదటి వారం తగ్గింది. ఇప్పుడు, నెలాఖరున, రెట్టింపైంది. ఎదురుగా ఉన్న ఫంక్షన్ హాల్లో నాలుగు జనరేటర్లు హోరెత్తుతున్నాయి. వకుళ రోడ్డు దాటి, హాలు యజమాని గంగరాజు దగ్గరికి విసవిసా నడిచింది.

"హాలుకి ఒక జనరేటర్ చాలని మీరే కదా చెప్పారు. నాలుగెందుకు తిరుగుతున్నాయి?"

"హాలుకి ఒకటే చాలండి. మిగతా మూడూ మీ పలక మీద కనబడ్డానికండి."

"అంటే?"

"మొన్న మగపెళ్లివారు పలక చూసి, పొగ ఇంత పలచగా ఉందేంటి, మర్యాదలు ఇలాగేనా అని అలిగి కూర్చున్నారండి. ఆడపిల్ల తండ్రి పరువు పోద్దని నేనే రెండోది వేయించాను. అప్పుడు గానీ పెళ్లికొడుకు పీటల మీదకి రాలేదు. ఇప్పుడు తాంబూలాల నాడే అడుగుతున్నారండి, ఎన్ని జనరేటర్లని."

"ఆ పెళ్లికొడుకే వేడికి సొమ్మసిల్లి పడ్డాడట కదండీ."

"పడ్డాడండి. అందుకే ఏసీలు పెంచాం." గంగరాజు ఏ మాత్రం తొణకలేదు. "ఇంకో మాట మేడమ్ గారూ. శుభకార్యానికి బురద రంగు బాగోదండి. పసుపు పెట్టించండి."

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. తిట్టడానికి కూడా ఓపిక లేక వకుళ బయటికొచ్చింది. అంతలో పై అధికారి ఫోన్.

"కంగ్రాచ్యులేషన్స్ వకుళ గారూ. జనం విరగబడి చూస్తున్నారట. అన్ని ఊళ్లలోనూ పెట్టేద్దాం."

తగ్గిందా పెరిగిందా అని ఆయన అడగలేదు. ఆమె చెప్పబోయేలోగా ఫోన్ పెట్టేశాడు.

ఆమె వచ్చేసరికి చల్లగా ఉండాలని డ్రైవరు ఇంజన్ ఆపకుండా ఏసీ వేసే ఉంచాడు. కారు వెనక నుంచి లేస్తున్న గ్యాసు పలక మీద సన్నగా కనబడుతోంది. మగపెళ్లివారు నలుగురు గుమ్మం దగ్గర నిలబడి తలెత్తి చూస్తున్నారు.

"ఆ నూలుపోగు ఎవరిదో పాపం," అన్నాడొకాయన. మిగతావాళ్లు నవ్వారు.

ఇంజన్ ఆపెయ్యమని చెప్పడానికి వకుళ నోరు తెరిచింది. కానీ అంతకంటే ముందే, తన పొగ అంత సన్నగా ఉన్నందుకు ఆమెకు నామోషీ అనిపించింది.